అభయారణ్యానికి విగ్రహవాక్యం

చాలా కాలానికి ఈ బ్లాగులో ఒక టపా రాస్తున్నాను. ఛందస్సు గురించో, మా ప్రాంతపు శాసనాల గురించో ఉంటుందనుకొని వచ్చినవారు ఈసారి నిరాశపడవచ్చు. అడవిని చూడబోయేవాడు అనుమతి ఎవరిని అడగాలి, అడిగినవాడికి ఏ భాషలో జవాబు చెప్పాలి అన్నది నేటి విషయం. ఈ వయసులో పంతులుకు అడవి గోల ఏమిటని నవ్వుకొనేవారు పూర్తిగా చదివిన తరువాత నవ్వగలరని మనవి.

మాది హుజూర్‌నగర్. 2016 దసరా దాకా నల్లగొండ జిల్లా, ఆనాటి నుంచి సూర్యాపేట జిల్లా. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చాక మా నేల వరిపొలమైంది. వరి వెంట మిల్లులు వచ్చాయి. భూమిలో సున్నపురాయి ఉన్నందున సిమెంటు కర్మాగారాలూ వచ్చాయి. మా బడిలో ప్రకృతి దృశ్యం గీయమంటే కొండల మధ్య సూర్యుడికి తోడు ఒక పొగగొట్టాన్ని కూడా గీసే పిల్లలు ఉండేవారు. మట్టపల్లి వైపు కృష్ణ ఒడ్డున గుట్టలు, చిట్టడవి తప్ప, అడవి అని నోరారా పిలువదగినది మాకు దగ్గరలో లేదు. ముప్పై యేళ్ళకు పైగా నేను తరగతి గదిలో ఆరణ్య పర్వం చెప్పాను. నన్నయ ఎక్కడ విడిచాడో, ఎర్రన ఎక్కడ అందుకున్నాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నిజమైన అరణ్యంలో మాత్రం ఒక పూట గడిపినవాణ్ణి కాను. "సార్, మీరు అడవి చూసిండ్రా?" అని ఒక పిల్లవాడు అడిగితే, మాట మార్చి వ్యాకరణంలోకి పారిపోయిన సంగతి నాకింకా గుర్తున్నది.

ప్రయత్నించలేదని కాదు. 1996లో పదవ తరగతి పిల్లలకు అడవి చూపించాలని, ప్రధానోపాధ్యాయుల సంతకంతో ఒక కార్యాలయానికి దరఖాస్తు పంపాము. ఏ కార్యాలయమో చెప్పను. ఇప్పుడు చెప్పి సాధించేదీ లేదు. శుద్ధమైన తెలుగులో నేనే రాశాను, ఒక్క అచ్చుతప్పు లేదు. జవాబు ఆంగ్లంలో వచ్చింది, అదీ మే నెలలో, పరీక్షలు ముగిసి పిల్లలు బడి విడిచిపోయిన తరువాత. ఆంగ్లోపాధ్యాయుల చేత చదివించుకుంటే, ఇది మా పరిధిలోని విషయం కాదు, ఫలానా అధికారిని అడగవలసింది అని ఉంది. ఆ ఫలానా అధికారిని అడగడానికి మరుసటి యేటి పదవ తరగతి వారు కావాలి. అంతటితో ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పే.

మా బడిలో జీవశాస్త్రం చెప్పిన మిత్రుడొకరు ఉండేవారు. నన్ను "పంతులూ" అనేవారు, నేను ఆయనను "సారూ" అనేవాణ్ణి. పదవీ విరమణ తరువాత ఆయనకు ఒకటే కోరిక పట్టుకున్నది. ముప్పై యేళ్ళు నల్లబల్ల మీద గీసిన చెట్లను నిలబడి ఉండగా చూడాలి. నారేప, నల్లమద్ది, ఏగి, చిరుమాను, సోమి, తునికి అంటూ ఒక చిన్న నోటుపుస్తకంలో పేర్లు రాసుకున్నారు. పక్కన చూసిన తేదీ వేయడానికి ఖాళీ గడులు గీసుకున్నారు. అప్పటికే మోకాళ్ళు అరిగాయి, చూపు తగ్గుతున్నది. 2023 జులైలో ఒక కారు మాట్లాడుకొని నలుగురం బయలుదేరాము. వానలు పడ్డాయి, అడవి పచ్చగా ఉంటుంది, ఇదే అదను అనుకున్నాము. ముందుగా ఫోను చేశామా అంటే, దొరికిన ఒక నంబరుకు మూడు రోజులు చేశాము, ఎవరూ ఎత్తలేదు. సరే, వెళ్ళి అడుగుదామనుకున్నాము.

ద్వారం దగ్గర బోర్డు ఉంది. ఆంగ్లంలో ఉంది. దాన్ని మేము చదివే లోపలే కాపలా అబ్బాయి వచ్చి మర్యాదగా చెప్పాడు: "జులై నుంచి మూడు నెలలు మూసేస్తారు సార్. అక్టోబరులో రండి." మా మిత్రుడు గొడుగు కింద నిలబడి ఆ బోర్డు వంక చూసి, "ఏం పంతులూ, అడవిగ్గూడ సెలవులున్నయా?" అన్నారు. అందరం నవ్వాము. గేటు అవతల కనబడుతున్న ఒక చెట్టును చూపి, అది నల్లమద్దే అయి ఉంటుందన్నారు. కానీ నోటుపుస్తకంలో తేదీ వేయలేదు. దగ్గరికి వెళ్ళి బెరడు చూడకుండా వేయకూడదట. నవంబరులో ఆయన పోయారు.

ఆ అబ్బాయి మీద గాని, ఆ నియమం మీద గాని నాకు కోపం లేదు. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కథ విన్న మిత్రులు పలువురు, "అడవి ప్రజల సొత్తు, చూడడానికి పర్మిషనేమిటి?" అని ఆవేశపడుతున్నారు. నేను అలా అనుకోను.

అభయారణ్యం అన్న మాటను చూడండి. అభయ, అరణ్యం, సవర్ణదీర్ఘ సంధి, పరీక్షలో అర మార్కు. సమాసం దగ్గరే చిక్కు. అభయము కొరకైన అరణ్యము అని చతుర్థీ తత్పురుషం చెప్పుకోవచ్చు. ఆ అభయం ఎవరికి? పిల్లలను అడిగితే "మనకు" అంటారు. అక్కడ భయం లేకుండా తిరగవచ్చునని వారి భావం. కాదు. అభయం జింకకు, దుప్పికి, పులికి, వాటి పిల్లలకు. భయకారకులం మనం. ఈ ఒక్క విభక్తి సరిగా పట్టుకుంటే వానకాలపు మూసివేత ఎందుకో తెలుస్తుంది. బాటలు బురదవుతాయి, బండి దిగబడితే తీయడం కష్టం, ఆ మూడు నెలలూ అడవికి మనుషుల రాకపోకలు లేని విశ్రాంతి. సెలవులని మా మిత్రుడు అన్నది వేళాకోళానికే అయినా మాట సరైనదే.

అనుమతి అడగడం ఆంగ్లేయులు తెచ్చిన రివాజు అనుకొనేవారికి మన కావ్యాలనే చూపిస్తాను. కాళిదాసు దుష్యంతుడు లేడిని తరుముతూ వస్తే, ఇది ఆశ్రమ మృగం, చంపరాదని తాపసులు అడ్డుపడ్డారు. చక్రవర్తి బాణం దించాడు. రథం బయట ఆపాడు, నగలూ విల్లూ సారథి చేతికిచ్చి, వినయమైన వేషంతో లోపలికి నడిచాడు. మృగాన్ని చంపకు, బండి బయట పెట్టు, ఆయుధం తేకు: నేడు గేటు దగ్గర చెప్పే మాటలివే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మృగాలను హింసించరాని అభయవనాల ప్రస్తావన ఉన్నది. రాకపోకలకు ముద్ర వేసిన పత్రం ఇచ్చే ముద్రాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు, పత్రానికి ఒక మాషం రుసుము కూడా ఉన్నది. ఇక అనుమతి లేకుండా చొరబడితే ఏమవుతుందో సుందరకాండలో మధువనం చెబుతుంది. తోట ధ్వంసమైంది, కాపలాదారు దధిముఖుడు దెబ్బలు తిన్నాడు. అతడు వెళ్ళి ఫిర్యాదు చేస్తే సుగ్రీవుడు కోపగించడానికి బదులు సంతోషించాడు. సీత జాడ తెలిసిందన్న సంతోషం అది, నిజమే. అయినా పాపం దధిముఖుడు అని నాకెప్పుడూ అనిపిస్తుంది. అటవీ శాఖలో కింది ఉద్యోగులు ఆయన సంతతివారు.

ప్రస్తుత చట్టం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. దాని 27వ సెక్షను అభయారణ్యంలోకి ఎవరు ప్రవేశించవచ్చో చెబుతుంది. విధిలో ఉన్న ప్రభుత్వోద్యోగి, లోపల ఉండడానికి అనుమతి పొందినవారు, లోపల స్థిరాస్తి హక్కు గలవారు, వీరి మీద ఆధారపడినవారు, ఇంకా ప్రజా రహదారి మీద సాగిపోయేవారు. మిగిలిన వారికి 28వ సెక్షను కింద అనుమతిపత్రం కావాలి. దానిని ఇవ్వడానికి కారణాలు కూడా చట్టంలోనే ఉన్నాయి: వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాచిత్రాలు, శాస్త్ర పరిశోధన, పర్యటన, లోపల నివసించేవారితో న్యాయమైన పని. గమనించండి, పర్యటన అన్నది చట్టం ఒప్పుకొన్న కారణమే. మనం దొంగదారిలో అడుగుతున్నది కాదు. అయితే అధికారి ఇవ్వ"వచ్చు" అని ఉన్నదే గాని, ఇవ్వాలని లేదు. అమరకోశం ప్రకారం 'అనుమతి' అంటే ఒక కళ తక్కువైన పున్నమి. పూర్తి పున్నమికి పేరు 'రాక'. మన అనుమతులు ఎప్పుడూ ఒక కళ తక్కువగా ఉండడానికి మూలం అక్కడే ఉన్నదేమో!

పేర్లతో ఇంకొక తికమక ఉన్నది. ఉద్యానం అంటే విహారానికి వెళ్ళే తోట అని మన సంస్కారం. చట్టంలో మాత్రం జాతీయ ఉద్యానం అభయారణ్యం కన్న కఠినమైనది. అక్కడ పశువుల మేతకు కూడా తావు లేదు. మరి హైదరాబాదు నడిబొడ్డున, 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానంలో ప్రొద్దున, సాయంత్రం పాసులు తీసుకొని వందలాదిమంది నడుస్తారు. రెండింటి పేరూ ఒకటే, ప్రవేశించే పద్ధతి వేరు. రిజర్వు ఫారెస్టు వేరు, అభయారణ్యం వేరు, టైగర్ రిజర్వు వేరు. టైగర్ రిజర్వులో కోర్ ఏరియా వేరు, బఫర్ వేరు. ఊరి నుంచి బయలుదేరే సామాన్యుడికి ఇవన్నీ కలిసి ఒకటే మాట, అడవి. కనుక అతడు మొదట అడగవలసిన ప్రశ్న "ఎప్పుడు తెరుస్తారు" అన్నది కాదు, "ఇది ఏ జాతి అడవి" అన్నది.

ఇక నా ఫిర్యాదు. నియమం ఉండనీయండి, కానీ దాన్ని తెలుసుకొనే దారి నాకుండాలి. గేటు మూసి ఉండవచ్చు, గేటు మీది మాట మూసి ఉండకూడదు. 1966 నుంచి తెలుగు మనకు అధికార భాష. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షనులో, ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకుండానే తమ విషయాలు ప్రకటించాలని, అలా ప్రకటించేటప్పుడు స్థానిక భాషను, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలని ఉన్నది. 'స్థానిక భాష' అన్న మాటలు చట్టంలోనే ఉన్నాయి. నేను చేర్చినవి కావు. ఆంగ్లపు బోర్డు ఒకటి అడవి అంచున పాతితే ఈ బాధ్యత తీరదు. అడవి అంచుకు చేరినవాడు అప్పటికే నూరు కిలోమీటర్లు వచ్చి ఉంటాడు. ఆ సమాచారం ఉండవలసింది మా హుజూర్‌నగర్ బస్టాండులో, మిర్యాలగూడ డిపోలో, మండల విద్యాధికారి కార్యాలయం గోడ మీద.

ఇప్పుడంతా ఆన్‌లైన్ కదా అంటారు. మీకూ నాకూ సరే. అంతర్జాలంలో తెలుగు రాయడానికి మనమంతా ఎంత కుస్తీ పట్టామో కూడలి, జల్లెడల కాలం నాటి మిత్రులకు చెప్పనక్కరలేదు. ఆ అలవాటుతో నేను సైతం మౌసు పట్టగలను. అయినా ఆంగ్లపు పుటలో పేరు, గుర్తింపు కార్డు సంఖ్య, బండి రకం నింపి డబ్బు కట్టేసరికి మా మనుమరాలి సాయం కావలసి వచ్చింది. "తాతయ్యా, ఓటీపీ చెప్పు" అని మూడు సార్లు అరిచింది. మా వీధిలో కూరగాయలు అమ్మే ఆమెకు ఆ మనుమరాలు లేదు. ఆమెకు అడవి చూడాలని ఉండదని మనమెలా నిర్ణయిస్తాము?

బస్సు మాట కూడా చెప్పాలి. మేము వెళ్ళిన అడవులలో ప్రవేశం సొంత బండి గలవాడి దినచర్యకు అనువుగా ఉన్నది. ప్రొద్దున్నే సఫారీ అంటే ముందు రాత్రే చేరి అక్కడ బస చేయాలి. బస అంటే డబ్బు. మా ఊరి నుంచి తొలి బస్సు పట్టుకొని, మిర్యాలగూడలో మారి, దేవరకొండలో మారి చేరేవాడికి ఆ ప్రొద్దుటి అడవి దక్కదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆ తరువాత మా ఇంట్లో యాత్రల ప్రణాళిక నా శ్రీమతిది, టికెట్టు మాత్రం నాది. ఆమె అన్నమాట ఒకటుంది: "బస్సు గేటు దాకా పోతది, గేటు లోపలికి మాత్రం కారే పోతది."

2024 జనవరిలో, ఈసారి అన్నీ కనుక్కొని వెళ్ళాము. మిర్యాలగూడ, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు. ఇది అమ్రాబాద్ టైగర్ రిజర్వు. ఉమ్మడి రాష్ట్రంలో నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వుగా ఉన్న దానిలో, 2014 విభజన తరువాత తెలంగాణ వంతుకు వచ్చిన భాగం, సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. కొంత మా పాత నల్లగొండ జిల్లాలో కూడా ఉన్నది. అటవీ శాఖ వారే బసనూ సఫారీనీ కలిపి ఏర్పాటు చేస్తున్నారు. మేము ఫరహాబాదు వైపు వెళ్ళాము. ఫరహ్ అంటే సంతోషం. నిజాము వేటకూ వేసవి విడిదికీ వచ్చిన చోటు. ఇప్పుడు ఆ కట్టడం శిథిలం, కొండ అంచు నుంచి కనిపించే లోయ మాత్రం చెక్కుచెదరలేదు. పులి కనబడలేదు. కనబడుతుందని నేనూ అనుకోలేదు.

మాతో వచ్చినది ఒక చెంచు యువకుడు. మా మిత్రుని నోటుపుస్తకం ఆయన కుమారుని దగ్గర అడిగి తీసుకొని వెళ్ళాను. దాన్ని తీసి పేరు చదివితే, ఆ అబ్బాయి బండి ఆపించి చెయ్యి చూపేవాడు. లోపల దిగకూడదు గనుక బండిలోనే కూర్చుని చూశాను. నారేప చూశాను, ఏగి చూశాను. చిరుమాను అంటే అతడు నవ్వి తన వాడుక పేరు మరొకటి చెప్పాడు. మా మిత్రుడుంటే ఆ పేరు పక్కన రాసుకొనేవారు. దిగడానికి వీలున్న చోట నల్లమద్ది బెరడు మీద చేయి వేసి చూశాను, మొసలి వీపులా ఉంది. ఆరు గడులలో నాలుగింటికి తేదీ వేశాను. సోమి, తునికి మిగిలాయి. తునికి అంతటా ఉండే చెట్టే, ఎందుకు తప్పిపోయిందో తెలియదు; బహుశా కబుర్లలో పడ్డాము.

ఆ అబ్బాయిని చూస్తుంటే నాకొక సంకోచం కలిగింది. మనం అనుమతి ఎవరి ఇంటికి అడుగుతున్నాము? ఈ అడవి తరతరాలుగా చెంచులది. ఆ హక్కును లిఖితపూర్వకంగా ఒప్పుకోవడానికి 2006 దాకా, అటవీ హక్కుల చట్టం దాకా ఆగవలసి వచ్చింది. సలేశ్వరం చూడండి. లోతైన లోయలో జలపాతం, గుహలో లింగమయ్య, చెంచులే పూజారులు. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులు మాత్రమే జనాన్ని లోపలికి రానిస్తారు. ఆ రోజులు పెంచాలని భక్తులు కోరుతుంటారు. నన్నడిగితే పెంచవద్దంటాను. ఆ కొద్ది రోజులలో కొందరు వదిలివెళ్ళే ప్లాస్టిక్ సీసాలను తక్కిన యేడాదంతా భరించేది లింగమయ్య, చెంచులు, ఎలుగుబంట్లు. దైవదర్శనానికి వెళ్ళేవాడు దుష్యంతుని పాటి వినయమైనా చూపవద్దా?

అటువైపు వాదం పూర్తిగా గెలవాలని కూడా నేను కోరను. 2012 జులైలో సర్వోన్నత న్యాయస్థానం దేశమంతటా టైగర్ రిజర్వుల కోర్ ఏరియాలలో పర్యటనను మధ్యంతర ఉత్తర్వుతో ఆపింది. కొత్త మార్గదర్శకాలు వచ్చాక అక్టోబరులో ఆ ఉత్తర్వు ఎత్తివేసింది. అప్పుడు నేను, పూర్తిగా ఆపడమే మంచిదని స్టాఫ్‌రూములో వాదించాను. మా జీవశాస్త్రం సారు ఒప్పుకోలేదు. "చూడని చెట్టు కోసం ఎవడు కొట్లాడుతడు పంతులూ?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను.

ఇక ప్రయాణపు ఏర్పాట్ల మాట. తెలుగు కావ్యాలలో ఏర్పాట్లు లేకుండా బయలుదేరిన యాత్రికుడంటే పెద్దన గారి ప్రవరుడే. పాదలేపనం పూసుకొని హిమాలయానికి వెళ్ళాడు. తిరిగి వచ్చే మార్గం అడగలేదు. మంచుకు లేపనం కరిగింది, వరూధిని చిక్కులు మొదలయ్యాయి. (లేకుంటే మనకు ప్రబంధం లేదు, అది వేరు.) కాబట్టి తిరుగు ప్రయాణం ముందు చూసుకోండి. శ్రీశైలం రహదారిలో అడవి భాగానికి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా రాకపోకలు లేవు, గేట్లు మూస్తారు. పగలు ఆ దారిన బస్సులో పోవడానికి ఏ పత్రమూ అక్కరలేదు. ఆగి కోతులకు అరటిపళ్ళు పెట్టడానికి మాత్రం ఏ పత్రమూ చాలదు. నాగార్జునకొండ ద్వీపానికి వెళ్ళదలచినవారు శుక్రవారం వెళ్ళకండి, మ్యూజియం సెలవు. లాంచీ నడుస్తున్నదో లేదో ఆనాడే విచారించండి. నీటి మట్టం చాలాలి, జనం చాలాలి, అది ఆంధ్రప్రదేశ్ వైపు గనుక అక్కడి ఉత్తర్వులు చూడాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన తరువాత ఆ రాష్ట్రంలో విహార పడవలన్నీ కొంతకాలం నిలిపివేశారు. అటువంటి సంగతి సాగర్ చేరాక తెలిస్తే, రేవులో వేరుశనక్కాయలు తిని వెనక్కు రావడమే.

అడవి దాకా వెళ్ళలేనివారికి దగ్గర చోట్లు లేకపోలేదు. నాగార్జునసాగర్‌లో 2022 మేలో తెరిచిన బుద్ధవనం 274 ఎకరాలు, మోకాళ్ళ నొప్పులవారు కూడా నెమ్మదిగా తిరగవచ్చు. హైదరాబాదు వెళ్ళే విజయవాడ రహదారి మీదనే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు నిజాము వేటభూమి, ఇప్పుడు కృష్ణజింకల చోటు. ఎన్నో యేళ్ళు ఆ గేటు ముందు నుంచే బస్సులో పోతూ, ఎల్‌బీ నగర్ వస్తున్నదని సంచి సర్దుకున్నానే గాని ఒక్కసారీ దిగలేదు. ఊరూరా 2020 నుంచి పెంచిన పల్లె ప్రకృతి వనాలు కూడా ఉన్నాయి. కొన్ని బాగున్నాయి, కొన్నింటికి బోర్డు తప్ప మిగలలేదు. ఒక ఊళ్ళో గేటుకు తాళం వేసి ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదని అడిగితే నలుగురు నలుగురి పేర్లు చెప్పారు. నాకు 1996 గుర్తుకు వచ్చింది.

విమర్శించి ఊరుకోవడం పంతుళ్ళ అలవాటని అపవాదు ఉన్నది గనుక, అడవి గేట్ల దగ్గర, బస్టాండులలో పెట్టదగిన బోర్డు కోసం ఒక ముసాయిదా నేనే రాశాను. సంబంధిత అధికారులకు పంపదలచాను, ఈసారి అందినట్లు రసీదు వచ్చే పద్ధతిలో. కర్మణి ప్రయోగాలు తీసివేశాను. "ప్రవేశము నిషేధింపబడినది" అంటే ఎవరు నిషేధించారో తెలియదు, చదివినవాడికి భయం వేస్తుంది గాని విషయం బోధపడదు. ముసాయిదా ఇది:

"ఇది పులులు తిరిగే అడవి. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఎవరినీ లోపలికి పంపము. మిగిలిన రోజులలో లోపలికి వెళ్ళాలంటే అనుమతి చీటీ కావాలి. చీటీ ఇచ్చే చోటు, వేళలు, మనిషికి రుసుము, బండికి రుసుము, కెమెరాకు రుసుము కింద రాశాము. ఆధార్ వంటి గుర్తింపు కార్డు వెంట తెచ్చుకోండి. బడి పిల్లలను తీసుకువచ్చే ఉపాధ్యాయులు ముందుగా తెలుగులో ఉత్తరం రాస్తే, పదిహేను రోజులలోపు తెలుగులోనే జవాబు ఇస్తాము. బస్సులో వచ్చేవారి కోసం లోపలికి వెళ్ళే బండి వేళలు, తిరిగి వెళ్ళే చివరి బస్సు వేళ కూడా రాశాము. లోపల బండి దిగవద్దు. తెచ్చుకున్న సీసాలు, సంచులు తిరిగి తీసుకువెళ్ళండి. ఈ అడవిలో చెంచులు నివసిస్తున్నారు. వారి గూడేలలోకి పిలవకుండా వెళ్ళవద్దు, అడగకుండా ఫొటోలు తీయవద్దు."

రుసుముల చోట ఖాళీ వదిలాను, అవి వారు నింపుకోవాలి. బ్లాగు మిత్రులు దోషాలుంటే దిద్దగలరు, ముఖ్యంగా వాక్యాలు ఇంకా కుదించగలరేమో చూడండి, బోర్డు మీద చోటు తక్కువ. మొదటి వాక్యానికి ముందు "దయచేసి గమనించండి" అని ఉండాలా, అక్కరలేదా అన్న దగ్గర నాకూ మా శ్రీమతికీ రెండు రోజులుగా భేదాభిప్రాయం నడుస్తున్నది. ఆమె ఉండాలంటున్నది.